తిరిగి పోవు తలంపు

మొన్న ఒక ఆదివారము ఉదయమున మా మేనల్లుడు గోపన్‌పల్లిలోని మా ఇంటికి వచ్చినాడు. ఊరక రాలేదు. చేత రంగురంగుల కాగితముల కట్ట ఒకటి పట్టుకొని వచ్చినాడు. ఇంకను పునాదిగోతులయందే ఉన్న ఒక పదునాలుగంతస్తుల భవనమునకు చెందిన చిత్రములవి. తొమ్మిదవ అంతస్తులో, తూర్పు వాకిలి గల రెండు పడకగదుల ఇల్లొకదాని చుట్టు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టియున్నది. ఆ సున్న చుట్టినది వాడు కాదు, వాని తండ్రి. తెనాలి ప్రాంతపు పల్లెటూరిలో అరుగుమీద కూర్చుండి మా బావ, తాను ఒక్కసారియైనను చూడని నేలమీద, ఇంకను లేవని అంతస్తులో, కుమారునకు స్థిరనివాసము నిర్ణయించినాడు.

కుఱ్ఱవానికి ఇరువది మూడేండ్లు. 2024లో ఇంజనీరింగు పట్టము పుచ్చుకొని ఆ యేడే ఇక్కడి సాఫ్టువేరు సంస్థలలో ఒకదానియందు ఉద్యోగమునకు కుదిరినాడు. గచ్చిబౌలిలో హాస్టలు గది. గదికి నాలుగు మంచములు. మంచము క్రింద ఒక పెట్టె. అదియే వాని కాపురము.

"మామయ్యా, నాన్న అడ్వాన్సు కట్టెయ్యమంటున్నాడు. అమ్మ సంబంధాలు చూస్తోంది, సొంతిల్లు ఉందా అని అడుగుతున్నారట. మా గదిలో ఇద్దరు అమెరికాకు అప్లికేషన్లు పెట్టుకున్నారు. అసలు నేను ఎక్కడ ఉండాలో నువ్వు చెప్పు" అన్నాడు.

"అడ్వాన్సుకు డబ్బెక్కడిదిరా?"

"కాలవ కింద ఎకరం అమ్ముతాడట."

అప్పుడు నాకు విషయము యొక్క బరువు తెలిసినది. కృష్ణ పడమటి డెల్టాలో కాలువ క్రింద ఎకరము అనగా మా వైపు ఏమియో అక్కడివారికి చెప్పనక్కరలేదు. ఇక్కడ ఇల్లు కొనుటకై అక్కడి నేల అమ్మినచో, అది ఇల్లు కొనుట మాత్రమే కాదు. తిరిగి పోవు త్రోవను కూడ అమ్మివేయుట. ఇరువది మూడేండ్ల వానికి ఆ సంగతి తెలిసియే ఉన్నది. తెలిసినందువలననే వాడు నా దగ్గరకు వచ్చినాడు.

తెలుగు పాఠములు చెప్పుకొని బ్రదుకువాని దగ్గరకు ఇట్టి ప్రశ్న రావడమే వింత. అందులోను, ముప్పదియేండ్లుగా అద్దె ఇండ్లలో కాపురముండి, "మీదే ఊరండీ?" అన్నచో ఇప్పటికిని పుట్టిన ఊరి పేరే చెప్పుకొను నా దగ్గరకు! నేను వెంటనే సమాధానము చెప్పలేదు. కాఫీ త్రాగించి, "కొంచెము నడచి వత్తము రా" అని వీధిలోనికి తీసికొనిపోయినాను.

గోపన్‌పల్లిని ఎరుగని పాఠకుల నిమిత్తము ఒక మాట. ఇది హైదరాబాదు నగరమునకు పడమటి అంచున, శేరిలింగంపల్లి మండలములోని గ్రామము. తూర్పున కేంద్రీయ విశ్వవిద్యాలయపు చెట్లును బండరాళ్ళును. ఒక ప్రక్క నల్లగండ్ల, తెల్లాపూరు. మరియొక ప్రక్క విప్రో చౌరస్తా, అది దాటినచో నానక్‌రామ్‌గూడలోని అద్దాల మేడలు. ఇరుగుపొరుగున గౌలిదొడ్డి అని ఇంకొక ఊరున్నది. గోపన్న పల్లె ఇది, గౌళివారి దొడ్డి అది. పేర్లను బట్టి చూచినచో ఇదంతయు ఒకనాడు మందలు తిరిగిన నేలయని నా ఊహ. ఇప్పుడు తిరుగుచున్నవి కంపెనీల బస్సులు.

నేను ఈ నేలను మొదట చూచినది 1992లో, విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదువుటకు వచ్చినప్పుడు. హాస్టలు మేడమీద నిలుచుండి పడమటి వైపు చూచినచో ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్రాళ్ళు, వాని నడుమ జొన్నచేలు, దూరమున తాండా దీపములు కనబడుచుండెడివి. 1994లో చదువు ముగిసిన వేసవిలో సహాధ్యాయి ఒకడు లింగంపల్లి దగ్గర రెండు వందల గజముల స్థలము చూపి, చెరి సగము వేసి కొందమన్నాడు. "ఇక్కడ మనకెందుకురా? నాలుగేండ్లు చూచుకొని ఊరికి పోదుము" అన్నాను. అతడు కొన్నాడు. నేను ఆ నాలుగేండ్లను ఇప్పటికిని లెక్కపెట్టుచున్నాను.

తరువాతి కథ అందరకును తెలిసినదే. 1998 నవంబరు 22న వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించినారు. 2003లో లింగంపల్లికి ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు వచ్చినవి, 2008లో గచ్చిబౌలినుండి శంషాబాదు వరకు బాహ్యవలయ రహదారి తెరచినారు, 2019లో మెట్రోరైలు హైటెక్ సిటీకిని, రాయదుర్గమునకును చేరినది. చివరకు 2024 జూలైలో మా గోపన్‌పల్లి తాండా కూడలిలో ఒక పైవంతెన కూడ లేచినది. ఆ వంతెన క్రిందనే నడచుచు నేను మా మేనల్లునికి మా పెదతాతగారి కథ చెప్పినాను.

మా పెదతాతగారు గుంటూరులో చదివి 1950లో బి.ఏ. పట్టము పుచ్చుకొన్నవారు. మదరాసు సచివాలయములో గుమాస్తాగా చేరినారు. పట్టభద్రుడైన పిమ్మట ఎక్కడ ఉందువని ఆయనను ఎవ్వరును అడుగలేదు. ప్రభుత్వము కదలినప్పుడెల్ల ఆయనయు కదలినారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు పోయి గుడారములలో కాపురము పెట్టినారు. మూడేండ్లు గడచి, ఆ ఎండకును ఆ దుమ్మునకును అలవాటు పడునంతలో, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదునకు వచ్చినది. ఆయనయు వచ్చినారు. మలక్‌పేటలో రెండు గదుల అద్దె ఇల్లు. మదరాసులో కొన్న ఇనుపపెట్టెను మాత్రము ఆయన ఎన్నడును పూర్తిగా ఖాళీ చేయలేదని మా అమ్మమ్మ నవ్వుచుండెడిది. "మళ్ళీ ఎటు పొమ్మంటారో" అనుచుండెడివారట.

ఆ పెట్టెలోని ఒక కాగితము గురించియే నేను చెప్పదలచినది. ఈ తరము వారికి ముల్కీ నిబంధనలనగా ఏదో రాజకీయపు తగవని మాత్రమే తెలియును. నిజాం కాలములో, 1919 నాటి ఫర్మానుతో వచ్చిన నియమములవి. బయటివారు వచ్చి కొలువులన్నియు పట్టుకొనుచున్నారని స్థానికులకు కలిగిన బాధలోనుండి పుట్టినవి. ఆ బాధలో న్యాయము లేదని నేననను. 1952 సెప్టెంబరులో ఇదే విషయమై హైదరాబాదులో విద్యార్థులు వీధులకెక్కినప్పుడు, సిటీ కాలేజీ పరిసరములలో పోలీసు కాల్పులకు ప్రాణములు పోయినవి. అది సామాన్యమైన తగవు కాదు. నేనిక్కడ ఎత్తదలచినది ఆ రాజకీయమును కాదు, ఆ నిబంధనలోని ఒక వాక్యమును.

పుట్టుకచే ముల్కీ కానివాడు ముల్కీ కావలెనన్నచో రెండు షరతులు. ఒకటి, పదునైదేండ్లు ఈ రాజ్యమున స్థిరముగా నివసించి ఉండవలెను. రెండవది, తాను పూర్వము నివసించిన చోటికి తిరిగి పోవు తలంపును విడిచిపెట్టినట్లు మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము వ్రాసి ఇయ్యవలెను.

తిరిగి పోవు తలంపును విడిచిపెట్టుట! సంవత్సరములను ఎవరైనను లెక్కింపవచ్చును. తలంపును లెక్కించు అధికారి ఎవడు? నిఘంటువులలో స్థిరపడుట, కాపురముండుట, నిలుకడ చెందుట అని ఎన్నో అర్థములున్నవి గాని, ఆ మాట లోపల దాగియున్న గడ్డు నిజమును ఈ సర్కారీ నిబంధన చెప్పినంత సూటిగా నేనెక్కడను చదువలేదు.

మా పెదతాతగారికి 1971 నవంబరుతో పదునైదేండ్లు నిండినవి. కుమారునికి ఉద్యోగపు వయస్సు వచ్చుచుండుటవలన ఆయన ఆ నమూనా కాగితమును తెచ్చుకొన్నారు. పేరు వ్రాసినారు. తండ్రి పేరు వ్రాసినారు. పూర్వ నివాసము అన్నచోట గ్రామము, తాలూకా, జిల్లా అన్నియు ముత్యములవంటి అక్షరములతో వ్రాసినారు. సంతకము మాత్రము చేయలేదు. ఆనాటికి ఊరిలో ఆయన తల్లి బ్రదికియున్నది. "అమ్మ ఉండగా ఆ మాట వ్రాసి ఎట్లా సంతకం చేస్తాం?" అన్నారట. ఇంతలో కాలమే ఆ చిక్కు విప్పినది. 1972 అక్టోబరు 3న ఆ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆంధ్రప్రాంతములో ఉద్యమము రగిలినది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రముల పథకము వచ్చి, ఆ యేడే ముల్కీ నిబంధనల రద్దునకు చట్టమును చేసినారు. కాగితము పెట్టెలోనే ఉండిపోయినది. 2003లో ఆయన పోయిన తరువాత మేము ఆ పెట్టె తెరచినప్పుడు పసుపువన్నెకు తిరిగి కనబడినది.

ఇందులో ఇంకొక వింత ఉన్నది. ఆ ఆరు సూత్రములలో ఒకటి, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయము స్థాపింపవలెనన్నది. దానికై రాజ్యాంగమునకు 32వ సవరణ చేసినారు; 1974లో విశ్వవిద్యాలయము వెలసినది. మొదట సరోజినీనాయుడుగారి గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడచి, పిదప గచ్చిబౌలి బండలమధ్యకు వచ్చినది. అనగా మా పెదతాతగారిని సంతకము బాధనుండి తప్పించిన ఒప్పందమే నన్ను ఈ గోపన్‌పల్లి పొలిమేరకు తెచ్చి నిలిపినది.

"అంటే ఆయన చివరికి ఊరికి వెళ్ళారా మామయ్యా?" అన్నాడు వాడు.

"లేదురా. ఇక్కడే పోయినారు. తలంపు మాత్రము పోలేదు."

మాటలలోనే విప్రో చౌరస్తా వైపు చాల దూరము పోయినాము. అక్కడినుండి నానక్‌రామ్‌గూడ ఎంతో దూరము లేదు. బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండెడి అమెరికా కాన్సులేటు 2023 మార్చిలో అక్కడి క్రొత్త భవనమునకు మారినది. తెల్లవారకముందే దస్త్రముల సంచులతో తలిదండ్రులును పిల్లలును రోడ్డు ప్రక్కన నిలుచుండుట ఈ దారిన పోవువారికి అలవాటైన దృశ్యము. అక్కడ విద్యార్థిని అడుగు ప్రశ్న ఏమి? 1952 నాటి అమెరికా వలస చట్టము ప్రకారము, విద్యార్థిగా పోవువానికి స్వదేశములో విడిచిపెట్టు తలంపు లేని నివాసముండవలెను. తిరిగి వత్తునని అధికారిని నమ్మింపవలెను. చదువు ముగిసి, ఉద్యోగిగా హెచ్-1బి వీసాకు మారినచో, 1990 చట్టము పుణ్యమా అని ఆ ప్రశ్న తొలగును. అక్కడ ఉండిపోవు తలంపు ఉన్నను తప్పు లేదు. ఏటా 65,000, అక్కడ ఎం.ఎస్. వంటి పై చదువు చదివినవారికి మరి 20,000. లాటరీ తగిలినవాడు ఉండును. శాశ్వతనివాసపు పచ్చకార్డునకు దేశమునకు నూటికి ఏడుపాళ్ళను హద్దు ఉండుటవలన మనవారు ఏండ్ల తరబడి, కొందరు దశాబ్దముల తరబడి, వేచియుందురు. 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు, దేశము వెలుపలినుండి రావలసినవారి క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించినట్లు ప్రకటించిన రాత్రి, మా వీధిలో చాల ఇండ్లలో దీపములు ఆరలేదు.

చూడుడు, ఎంత చిత్రమో! మలక్‌పేటలోని గుమాస్తాను ఊరికి తిరిగి పోనని ప్రమాణము చేయుమన్నారు. నానక్‌రామ్‌గూడలోని కుఱ్ఱవానిని తిరిగి వత్తునని నమ్మింపుమన్నారు. రెండు చోట్లను మనిషి నిజముగా చెప్పగల సమాధానము ఒక్కటే: "నాకింకను తెలియదు." ఆ సమాధానమునకు ఏ దరఖాస్తులోను గడి లేదు. వాని గదిలోని మిత్రులు పోదురు గాక, పోవుటలో తప్పేమున్నది? రంగూను రేవులో మూటలు మోయుటకు పోయిన మనవారు సైతము నాలుగు డబ్బులు వెనుకవేసి తిరిగి వత్తమనియే ఓడ ఎక్కినారు. 1942లో జపాను దండు వచ్చిపడగా కాలినడకను కొండలు దాటి వచ్చినవారును కలరు. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేట నేటికిని ఆ పేరు మోయుచున్నది.

ఇక బ్యాంకువారి కాగితము సంగతి. తలంపును గూర్చి వారు అడుగరు. ఇరువది యేండ్లు అడుగుదురు. మా బావ చూచిన ఇల్లు తొంబది లక్షలు. ఎకరము అమ్మి ముప్పది కట్టి, అరువది అప్పు తీసికొనవలెనని ఆయన లెక్క. ఒక టీకొట్టు బల్లమీద కూర్చుండి మేమిద్దరమును కాగితముమీద వేసి చూచినాము. నూటికి ఎనిమిదిన్నర వడ్డీ చొప్పున ఇరువది యేండ్లకు నెలవాయిదా సుమారు 52,000 రూపాయలు. అందులో మొదటినెల వడ్డీకే 42,500 పోవును. అసలులో తీరునది పదివేలు కూడ కాదు. అయిదేండ్లలో వీడు కట్టునది 31 లక్షల చిల్లర. అసలులో తరుగునది ఏడు లక్షల పైచిలుకు. ఇరువది యేండ్లు నిండునప్పటికి కట్టిన మొత్తము సుమారు కోటి 25 లక్షలు. ఇదంతయు, భవనము చెప్పిన గడువునకు లేచి, వీని ఉద్యోగము ఈ ఊరిలోనే ఉండి, కంపెనీ వీనిని పూనాకో బెంగుళూరుకో పంపక యున్నచో. (ఇంటికై వెదకు పిల్లలకు ఒక ప్రక్కమాట: 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము, ఒప్పందము రిజిస్టరు చేయక మునుపు నిర్మాత ఇంటి ధరలో నూటికి పదిపాళ్ళకు మించి పుచ్చుకొనరాదు. "ఈ వారమే కడితే తగ్గింపు" అను మాటకు తొందరపడరాదు.)

సొంత ఇల్లు కూడదని నేను చెప్పుట లేదు. నలుబది యేండ్లు దాటినవాడు, పిల్లలు బడికి పోవుచున్నవాడు, ఒక వీధిని తనదనుకొన్నవాడు అప్పు చేసియైనను ఇల్లు కొనుట ఎంతయు మంచిది. "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నది మన పెద్దల సామెత. కట్టి చూడుమన్నారే గాని, ఆకాశములో బొమ్మ చూచి కట్టుమనలేదు. ఇరువది మూడేండ్లవాని ఉద్యోగము ఇంకను వాని చేతికి అంటుకొనలేదు. పెండ్లాడు పిల్ల ఏ ఊరిలో పనిచేయునో తెలియదు. అట్టివానికి గోడలు ముందు, జీవితము తరువాత అనుట తలక్రిందుల వరుస. సంబంధములవారు సొంత ఇల్లు అడుగుచున్నారను మాటలో నిజమున్నది, నేను కాదనను. అయిదేండ్ల తరువాత కూడ వారు అదే అడుగుదురు. అంతవరకు ఆగినచో వచ్చు నష్టమేమి?

ఇంతవరకును చాల బాగుగానే చెప్పినాననుకొన్నాను. సాయంకాలము మా బావకు ఫోను చేసి ఈ లెక్కలన్నియు అప్పగించినాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, "అన్నీ బాగానే ఉన్నాయి బావా. అద్దెలు కట్టి కట్టి నువ్వేం బావుకున్నావు? అక్కడ ఇల్లు లేదు. ఇక్కడ ఇల్లు కూలింది. వాడు కూడా నీలాగే అవుతాడేమోనని నా భయం" అన్నాడు.

నాకు మాట రాలేదు. ఆయన అన్నదానిలో అక్షరము తప్పు లేదు. మా అమ్మ 2017లో పోయినది. ఇంటికి తాళము వేసి వచ్చినాను. వేసవి సెలవులలో పోయి పెంకులు సరిచేయింతమనుకొన్నాను. ఒక వేసవి పరీక్షల పత్రములు, ఒక వేసవి మోకాలి నొప్పి, తరువాతి వేసవి కరోనా. 2021 వానలకు నడిమింటి దూలము విరిగి కప్పు కూలినది. పొరుగువారు ఫోటో పంపినారు. దొడ్డిలో కరివేపచెట్టు మాత్రము నిలిచియున్నది. నేను తిరిగి పోవు తలంపును విడువలేదు; అట్లని తిరిగి పోలేదు. ఈ తలంపు ఉన్నదను మిషమీద ఇక్కడ ఒక చెట్టు నాటలేదు, కాలనీ సమావేశమునకు పోలేదు, ప్రక్కవాటావారి పేరు పదునొకండు నెలల ఒప్పందము ముగియువరకు అడుగలేదు. స్థలము కొనకపోవుట నా తప్పు కాదు. ముప్పదియేండ్లు ప్రయాణములో ఉన్నట్లు బ్రదుకుట నా తప్పు. ఈ మాట బావతో అనుటకు నోరు రాక, మరునాడు ఉత్తరము వ్రాసినట్లు వాట్సాపులో వ్రాసినాను.

ఇట్లు ఎటును కాక ఉండుట ఎట్టిదో నా పూర్వవిద్యార్థి యొకడు ఒక్కరాత్రిలో చవిచూచినాడు. 2020 మార్చిలో దేశమంతయు మూతపడినప్పుడు నగరములోని అనేక హాస్టళ్ళు పిల్లలను ఖాళీ చేయుమన్నవి. మార్చి 25న వేలమంది పోలీసు స్టేషన్ల దగ్గర వరుసలు కట్టి, ఊరికి పోవుటకు అనుమతి పత్రములు తీసికొని బయలుదేరినారు. కృష్ణా జిల్లా సరిహద్దున గరికపాడు దగ్గర వారిని ఆపివేసినారు. అంటువ్యాధి వచ్చునను భయము అవతలివారిది. మోటారుసైకిలుమీద పోయిన మావాడు ఆ రాత్రి రోడ్డు ప్రక్కన కూర్చుండి నాకు ఫోను చేసినాడు: "సార్, వెనక హాస్టలుకు తాళం వేశారు, ముందర గేటు వేశారు." నాలుగేండ్లు అద్దె కట్టిన ఊరిలో ఆ రాత్రి వానికి తలుపు తట్టదగిన ఇల్లు ఒక్కటియు లేకపోయినది. హాస్టళ్ళను మూయరాదని తెలంగాణ ప్రభుత్వము వెంటనే చెప్పినది. అయినను ఆ రాత్రి ఆ రాత్రియే. ఊరికి చేరిన తరువాత వాడు అరుగుమీదనుండియే కంప్యూటరు పని చేసి, మరల పిలుపు రాగానే తిరిగి వచ్చినాడు. ఇప్పుడు వానికి ఇక్కడ తలుపు తట్టదగిన ఇండ్లు పది ఉన్నవి. కావలెననియే సంపాదించుకొన్నాడు. సొంత ఇల్లు మాత్రము ఇంకను లేదు.

తరువాతి ఆదివారము మేనల్లుడు మరల వచ్చినాడు. ఈమారు మేము పాత ఊరిలోనికి పోయినాము. గోపన్‌పల్లిలో ఎత్తైన మేడలకు నడుమ ఇంకను పాత ఊరు ఉన్నది. ఇరుకు వీధులు, గడపలకు పసుపు, ఇంటిముందు గేదె. ఒక రెండంతస్తుల ఇంటికి టు-లెట్ బోర్డు కట్టియున్నది. రెండు గదులు, వంటకు చిన్న వసారా. ఇంటి పెద్దామె అరుగుమీద చింతపండు పిక్క తీయుచు మావానిని ఎగాదిగా చూచినది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

చెప్పినాడు.

"ఒక్కనివేనా? ఎన్నొద్దులుంటవు?"

నేను ఊపిరి బిగబట్టినాను. మేజిస్ట్రేటును, కాన్సులేటు అధికారియు, బ్యాంకు మేనేజరును అడిగిన ప్రశ్ననే ఆమె చింతపండు చేతితో అడిగినది. "తెల్వది అమ్మా. రెండేళ్ళు ఉంటా అనుకుంటున్న. మంచిగుంటే ఇంకా ఉంటా" అన్నాడు వాడు. వాని నోట ఆ యాస ఎప్పుడు చేరినదో నేను గమనింపలేదు. "ఉండు. మొన్నటోడు ఎవ్వరితోని మాట్లాడకపోతుండె. నువ్వట్ల చెయ్యకు" అని ఆమె తాళపుచెవి తెచ్చుటకు లోపలికి పోయినది. మేడ వెనుక ఇప్పుడు కారులు నిలుపుచున్న చోటు తమ జొన్నచేను అని గదులు చూపుచు చెప్పినది.

ఎకరము ఈ యేడు అమ్మనని బావ చెప్పినాడు. వచ్చే యేడు మాట వచ్చే యేడు చూతమన్నాడు. అది గెలుపో, వాయిదాయో నాకు తెలియదు. రైతుకు వాయిదాయే సగము గెలుపు.

సామాను చేర్చిన రోజున వాడు తన పెట్టెను పూర్తిగా ఖాళీ చేసి అటకమీద బోర్లించినాడు. సాయంకాలము ఫోనులో ఓటరు జాబితా దరఖాస్తు ఒకటి తీసి నింపుట మొదలుపెట్టినాడు. నివాసము మారినవారు నింపు 8వ నంబరు నమూనా అది. ఇంత తొందరయేమిరా అన్నాను. వాడు నాకన్న ముందే చదువుకొనియున్నాడు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములో 20వ సెక్షను: ఒకచోట ఇల్లు కలిగియున్నంత మాత్రమున మనిషి అక్కడి సాధారణ నివాసి కాడు, తాత్కాలికముగా వేరుచోటికి పోయినంత మాత్రమున తన నివాసమును కోల్పోడు. మనిషి నిజముగా ఎక్కడ బ్రదుకుచున్నాడో అదియే ప్రధానము. ఇల్లున్నదా అని అడుగని, తిరిగి పోవు తలంపు ఉన్నదా అని అడుగని కాగితమును నేను ఇన్నాళ్ళకు చూచినాను.

"మామయ్యా, నీ ఓటెక్కడుంది?" అన్నాడు వాడు, తల యెత్తకుండ.

2024 మే 13న రెండు రాష్ట్రములలోను పోలింగు ఒకేనాడు జరిగినది. ముందురోజు రాత్రి విజయవాడ బస్సులో నిలువు కాళ్ళమీద పోయి, ఊరి బడిలో ఓటు వేసి, కూలిన ఇంటిముందు అయిదు నిమిషములు నిలుచుండి, ఆ రాత్రికే తిరుగుబస్సు ఎక్కినాను. జాబితాలో నా పేరు ఎదుట ఆ ఇంటి నంబరే ఉన్నది.

కళ్ళజోడు తీసి తుడుచుకొనుచు, "ముందు నీది నింపుము" అన్నాను.